సిగ్నళ్లు రాసే కాక

కాక పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కతర్‌గామ్‌లో, వజ్రాలు సానపట్టే ఒక హాల్లో, నిచ్చెన మీద నిలబడి ఉన్నాను. గాలిలో తేమను కొలిచే చిన్న డబ్బా ఒకటి పైకప్పు దగ్గర ఉంటుంది. అది చెబుతున్న అంకె, నా చేతిలోని మీటరు చెబుతున్న అంకె ఒకటేనా కాదా అని చూస్తున్నాను.

"ఇన్నవా? మీ పాత మిల్లుల కాక పోయిండట. పొద్దుగాల చాయ్ తాగుకుంట అట్లనే ఒరిగిండట" అంది అమ్మ. "పోతవా?" అని అడిగింది.

"ఏమో" అన్నాను.

వెంటనే నిచ్చెన దిగలేదు. రెండు అంకెలూ కలిసేదాకా అక్కడే ఉన్నాను. తెర మీద కనిపించేదాన్ని నమ్మకుండా, స్వయంగా వెళ్లి చేత్తో కొలిచి చూడడం నాకు నేర్పింది ఆయనే. ఆయన పోయాడన్న కబురు విని కూడా ఆయన నేర్పిన పనే చేస్తున్నానని గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది.

మిల్లులో ఆయన్ని అందరూ కాకా అనే పిలిచేవారు. గుజరాతీలకూ చిన్నాన్న కాకాయే, మా తెలంగాణ వాళ్లకూ కాకే. సేఠ్ నుంచి ఊడ్చే ఆమె దాకా అదే పిలుపు. జీతం కాగితం మీద అసలు పేరు ఉండే ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

మాది లింబాయత్, ఈ గుజరాతీ ఊళ్లో మా తెలంగాణ నేతవాళ్లు ఉండే పేట. నాన్న కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలే అంటారు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికించేది. నేను ఈ ఊళ్లోనే పుట్టి, గుజరాతీ బడిలో చదివి, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, బట్టకు రంగులు వేసే ఒక మిల్లులో కంట్రోల్ రూమ్ ఉద్యోగానికి చేరాను. ఆ గదిలో అంతకుముందు ఆడవాళ్లెవరూ పనిచేయలేదు. మొదటిరోజు మేనేజర్ నన్ను కాకకు అప్పగించి వెళ్లిపోయాడు.

కాక నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవల బిడ్డవే?"

చెప్పాను.

"ఓ, వాని బిడ్డవా! మీ నాయిన, నేను పక్కపక్క సాంచాల మీద పనిజేసినం. కూసో." వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, కూసోకు. గట్టి చెప్పులు ఏసుకొచ్చినవా?"

"ఎందుకు కాకా?"

"మనది కూసునే పని అనుకుంటరు అందరు. కాదు. ఇది నడిసే పని."

ఆ మిల్లులో రంగు పట్టించే యంత్రాలు పన్నెండు ఉండేవి. బిగించిన మూతలతో, పడుకోబెట్టిన పెద్ద పీపాల్లా ఉంటాయి. లోపల నీళ్లు మరిగే వేడిని కూడా దాటిపోతాయి. వేడి, ఒత్తిడి, నీటి మట్టం, ఒక్కోదానికి ఒక్కో తీగ వచ్చి మా గదిలోని సర్వర్‌లో కలిసేది. తీగ మోసుకొచ్చేది ఉత్త కరెంటు. దానికి అర్థం మేం రాయాలి. ఇది ఫలానా యంత్రం, ఇది వేడి, దీని కింది హద్దు సున్నా, పై హద్దు నూట యాభై, ఇంత దాటితే గంట మోగాలి. ప్రతి సిగ్నల్‌కూ ఇలా ఒక నిర్వచనం ఉంటుంది. దాన్ని కాక "సిగ్నల్ రాసుడు" అనేవాడు. ఆ పై హద్దు ఒక్కటి తప్పు పడితే యంత్రం చెడిపోదు, గంట మోగదు, ఏదీ ఆగదు. తెర మీది అంకె మాత్రం అబద్ధం చెబుతుంది.

ఆయన చదువుకున్నవాడు కాదు. ఇరవై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి, తర్వాత కరెంటు పనివాళ్ల వెంట తిరిగి, వైర్లు లాగుతూ, బయటి నుంచి వచ్చిన ఇంజినీర్ల భుజాల మీదుగా చూస్తూ నేర్చుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు యంత్రాల మీది రేకు పలకల నుంచి నేర్చుకున్నానని తనే చెప్పాడు. అందుకే ఆయన రాసిన సిగ్నళ్ల పేర్లన్నీ చెవికి వినిపించినట్టు ఉండేవి. టెంపరేచర్ అన్న మాటకు ఆ సర్వర్‌లో నాలుగు రకాల స్పెల్లింగులు ఉండేవి, నాలుగూ తప్పే. సర్వర్ అమ్మిన కంపెనీ నుంచి వచ్చిన కుర్రాళ్లు తెర చూసి పడీపడీ నవ్వేవారు. సవరించడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు. తెరలు, గంటలు, రిపోర్టులు అన్నీ సిగ్నల్‌ను ఆ పేరుతోనే పిలుస్తాయి. ఒక అక్షరం మారిస్తే పది తెరలు గుడ్డివైపోతాయి.

"నవ్వనీ" అనేవాడు కాక, తనూ నవ్వుతూ. "స్పెల్లింగ్ తప్పున్నది. సిగ్నల్ తప్పున్నదా? జర సూడుమను."

తిరిగే కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. గోడ వారగా ఒక ఇనుప స్టూలు ఉండేది, అదే ఆయన చోటు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉండేవి. కీబోర్డు ముట్టేముందు రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకునేవాడు. కళ్లద్దాలు తుడవడానికి జేబులో ఎప్పుడూ ఒక బట్ట పీలిక ఉండేది, మిల్లులో ఆ రోజు కోసి పారేసిన అంచు. దాని రంగు చూస్తే చాలు, కింద ఏ రంగు నడుస్తోందో తెలిసిపోయేది. ఏదైనా ఇబ్బందైన ప్రశ్న వేస్తే ముందు అద్దాలు తీసేవాడు. చాలాసేపు తుడిచేవాడు. ఆ అలవాటు చూసి నేను నవ్వుకునేదాన్ని.

చేరిన మొదటి వారంలో మూడో నంబర్ యంత్రానికి కొత్త వేడి సెన్సర్ పెట్టారు. దాని నిర్వచనం నన్ను రాయమన్నాడు. వచ్చిన కాగితం చూసి రెండు నిమిషాల్లో రాసేశాను.

"పోయినవా?" అన్నాడు స్టూలు మీద నుంచి.

"ఏడికి కాకా?"

"మిషన్ కాడికి."

"కాగితంల ఉన్నది కదా, సున్నా నుంచి నూట యాభై అని."

"కాగితం రాసినోడు ముంబైల ఏసీల కూసున్నడు. మూత తీసేటోడు మన గల్లీల మనిషి. పోయి సూసి రా."

మూడు అంతస్తులు దిగి వెళ్లాను. సెన్సర్ మీద అంటించిన పలకను మోకాళ్ల మీద కూర్చుని చదివాను. అక్కడ రెండు వందలు అని ఉంది. కాగితం ఒకటి, వచ్చిన వస్తువు ఇంకొకటి. మెట్లెక్కి పైకి వచ్చేసరికి నా ముఖం ఎలా ఉందో, కాక తిట్టలేదు. తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చాడు.

"సర్వర్‌ల ఎవలు రాసిండ్రో పేరు పడుతది, టైం పడుతది" అన్నాడు. "పేరు పడ్డంక అది నీ జబాన్, నువ్విచ్చిన మాట. పేరెవలదుంటే వాళ్లే జిమ్మేదార్, తప్పయితే వాళ్లే జవాబు చెప్పాలె. యాదిపెట్టుకో."

నా పేరు మీద సర్వర్‌లో ఖాతా తెరిచింది కూడా ఆయనే. పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు. "మర్సిపోతే నన్నడుగు" అన్నాడు. దాన్ని మార్చాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. మార్చడం అంటే ఆయన్ని అనుమానించడమే కదా అనిపించేది.

మూడేళ్లు ఆయన పక్కన పనిచేశాను. కింద ఫిట్టర్లు నన్ను లెక్కచేయకపోతే వాళ్ల మీద హిందీలో విరుచుకుపడేవాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నాన్నతో గుమ్మంలో కూర్చుని, "నా కండ్లు ఆనుతలేవు. ఇప్పుడు నీ బిడ్డవే నా కండ్లు" అనేవాడు. నాన్న పొంగిపోయేవాడు. నేను లోపల టీ పెడుతూ విని, వినబడనట్టు ఉండేదాన్ని.

నాలుగో ఏడు ఎండాకాలంలో మిల్లుకు ఆర్డర్లు ఎక్కువయ్యాయి. రంగు పట్టాక యంత్రం ఎనభై డిగ్రీలకు చల్లబడితేగాని మూత పక్కన పచ్చ దీపం వెలగదు. సర్వర్‌లో వేడి అంకె ఎనభైకి దిగినప్పుడే అది వెలుగుతుంది. అది వెలిగితేనే మూత తీయాలి. ఎండాకాలం నీళ్లే వెచ్చగా వస్తాయి, చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. మేనేజర్ రోజుకు రెండుసార్లు పైకొచ్చి కాక భుజం మీద చెయ్యేసి, "కాకా, కుఛ్ కరో" అనేవాడు, ఏదో ఒకటి చెయ్యమని. కాక అద్దాలు తుడుచుకునేవాడు.

ఒక వారం తిరిగేసరికి ఆరో నంబర్ యంత్రం మిగతావాటి కంటే ముందే పని ముగించడం మొదలుపెట్టింది. మేనేజర్ అందరికీ పేడాలు పంచాడు.

"ఆరో నంబర్ ఎట్ల జల్దీ ఐతున్నది కాకా?" అని అడిగాను.

"ఠండా నీళ్ల పంపు బాగుజేసిన" అన్నాడు.

నేను కిందికి దిగలేదు. మూడేళ్లలో మొదటిసారి, పోయి కొలిచి చూడకుండా ఒక మాట నమ్మాను. చెప్పింది ఆయన కదా.

ఆ వచ్చిన శనివారం మధ్యాహ్నం కింద నుంచి ఒక అరుపు వినబడింది. పరుగెత్తాను. ఆరో నంబర్ దగ్గర రాజమల్లు నేల మీద కొట్టుకుంటున్నాడు. మా గల్లీ వాడే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటాడు. నేను మల్లన్న అని పిలుస్తాను. పచ్చ దీపం చూసే మూత తీశాడు. లోపలి నీళ్లు పొంగి మెడ మీద, ఛాతీ మీద, కుడిచేతి మీద పడ్డాయి. దీపం ఇంకా పచ్చగానే వెలుగుతోంది. పక్కనున్న చిన్న తెర మీద డెబ్బై తొమ్మిది అని ఉంది. నా చేతి మీటరు లోపలికి పెట్టి చూశాను. తొంభై ఒకటి.

పైకి పరుగెత్తి ఆ సిగ్నల్ నిర్వచనం తెరిచాను. పై హద్దు నూట యాభై ఉండాల్సిన చోట నూట ముప్పై ఉంది. తీగలో వచ్చే కరెంటును సర్వర్ ఆ హద్దును బట్టే అంకెగా లెక్కకడుతుంది; హద్దు తగ్గించారు కాబట్టి తెర మీద వేడి కూడా తగ్గి కనబడుతోంది. మార్చింది ఎవరు అన్న గడిలో నా పేరు ఉంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కాక. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెట్లు దిగిపోయాడు. కిందికి వెళ్లి, ఆ ఉబ్బిన కాళ్లతోనే, రాజమల్లును రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు.

సోమవారం సేఠ్ గదిలో విచారణ. సేఠ్, మేనేజర్, కాక, నేను. మేనేజర్ కాగితం నా ముందుకు తోశాడు. "పేరు నీదే కదా?" అని హిందీలో అడిగాడు.

"పేరు నాదే. మార్చింది నేను కాదు" అన్నాను.

"మరి ఎవరు మార్చారు?"

నేను కాక వైపు చూశాను. నేను ఆయన పేరు చెప్పలేదు. ఆయనే చెబుతాడని ఎదురుచూశాను. నా పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే.

"కాకా, నువ్వు చెప్పు. సర్వర్ సంగతి నీ కంటే ఎవరికి తెలుసు?" అన్నాడు సేఠ్.

కాక అద్దాలు తీశాడు. జేబులోంచి పీలిక తీశాడు. ఆ రోజు గులాబీ రంగు. తుడిచి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పేరు ఎవరిదుంటే వాళ్లదే జిమ్మేదారీ, సేఠ్" అన్నాడు గుజరాతీలో.

అంతే. ఆ రోజే నాతో రాజీనామా రాయించుకున్నారు. మేనేజర్ ముఖంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ హద్దు ఎందుకు మారిందో అతనికీ తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం నాన్న అన్నం ముందు కూర్చుని, తినకుండా, "నిజంగ నువ్వు చెయ్యలే గదా?" అని ఒక్కసారి అడిగాడు. చేయలేదని చెప్పాను. తలూపాడు. కానీ అడిగాడు.

మర్నాడు పక్క గల్లీలో ఉన్న కాక ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని పాత టేబుల్ ఫ్యాను విప్పి నూనె వేస్తున్నాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ కాకా?"

"కూసో. చాయ్ తాగు."

"ఎందుకు చెప్పినవ్?"

లోపలికి కేకేసి టీ తెప్పించాడు. గ్లాసు నా చేతిలో పెట్టాడు. తర్వాత ఫ్యాను రెక్కలతో మాట్లాడుతున్నట్టుగా చెప్పాడు.

"ఏంది చెప్పాలె బిడ్డా. నీకు సర్టిఫికెట్ ఉన్నది, చదువున్నది. ఈడ కాకుంటే ఇంకోకాడ దొరుకుతది. నాకేమున్నది? ఈళ్లు బయటికి పంపితే మళ్ల సాంచాల మీద నిలబడాలె. గీ కాళ్ల తోటి ఎట్ల నిలబడుదు?"

"మల్లన్న కాలిండు కాకా."

"ఎర్కనే" అన్నాడు. "గింత ఐతదనుకోలే. పన్నెండు డిగ్రీలే గదా అనుకున్న."

చేతిలోని టీ తాగాను. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఆ టీ ఎందుకు తాగానో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను నిజం చెప్పినా మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. కాక అలా చేస్తాడా! రాజమల్లు ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ పక్కనున్నది ఆయనే. రోజూ పొద్దున పాలు పట్టుకెళ్లింది ఆయనే. నన్ను చూస్తే రాజమల్లు భార్య లక్ష్మక్క తలుపు వేసుకునేది. మెల్లగా కాదు, చప్పుడయ్యేలా. మిల్లుల్లో మాట త్వరగా పాకుతుంది. హద్దులు మార్చి మనిషిని కాల్చిన పిల్ల అన్నారు. ఎనిమిది నెలలు ఎక్కడా పని దొరకలేదు. అమ్మ పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అతికించాను. తర్వాత కతర్‌గామ్‌లో ఈ ఉద్యోగం వచ్చింది, అక్కడే ఒక గది అద్దెకు తీసుకున్నాను. వజ్రాల వాళ్లకు బట్టల మిల్లుల కబుర్లతో పనిలేదు.

మధ్యలో ఒక్కసారి కనబడ్డాడు కాక. రింగ్ రోడ్‌లో, జనంలో, ఎదురుగా వస్తున్నాడు. నన్ను చూసి చటుక్కున పక్కనున్న చీరల దుకాణంలోకి తిరిగాడు. గుమ్మానికి వేలాడదీసిన చీర కొంగు పట్టుకుని, వేళ్ల మధ్య నలుపుతూ, బట్ట నాణ్యం చూస్తున్నట్టు నిలబడ్డాడు. వీపు వంగిపోయింది. నేను ఆయన వెనకే రెండు అడుగుల దూరంలో నుంచి నడిచి వెళ్లాను. పిలిస్తే పలికేవాడే. పిలవలేదు.

ఇదంతా జరిగి ఆరేళ్లు. అమ్మ ఫోన్ చేసిన రోజు, పని ముగించుకుని, వెళ్లొద్దనుకుంటూనే లింబాయత్‌కు షేరింగ్ ఆటో ఎక్కాను.

కాక వాళ్ల గల్లీ మొత్తం జనంతో నిండిపోయి ఉంది. సాంచాలు ఆపేశారు. ఆ చప్పుడు లేని మా పేటను నేను ఎరగను. కాకను గుమ్మం ముందు పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసేశారు. అద్దాలు లేని ఆ ముఖం ఎవరో తెలియనివాడి ముఖంలా ఉంది. దండం పెట్టలేదు. చూసి పక్కకు వచ్చేశాను.

పక్క షెడ్డు గోడ దగ్గర, దారం చుట్టి పేర్చిన పెద్ద కండెల్లాంటి భీముల మధ్య, రాజమల్లు నిలబడి ఉన్నాడు. మెడ మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. నన్ను చూసి దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆరేళ్లలో మాట్లాడడం అదే మొదటిసారి.

"నాకెర్కనే చెల్లె" అన్నాడు.

"ఏంది అన్నా?"

"గా నంబర్ మార్సింది కాకనే అని. నేను దవాఖానాల ఉన్నప్పుడే చెప్పిండు. నా మంచం కాడ కూసోని, కాళ్లు వట్టుకోని ఏడ్సిండు. ఎవలకు చెప్పకు మల్లా, నన్ను ఆగం చెయ్యకు అన్నడు."

కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. "చెయ్యి లేవకపోతుండె నాది. అన్నం కలిపి ఆయనే తినిపిచ్చిండు. రెండు నెలలు. ఎట్ల చెప్తనే?"

"అంటే, మొదటి నుంచి నీకు తెలుసు."

"ఎర్క."

"నేను మీ ఇంటి ముందలికెల్లి రోజు పోతుంటి అన్నా. అక్క తలుపు ఏసుకుంటుండె. నువ్వు లోపల్నే ఉన్నవ్."

తల దించుకున్నాడు.

"ఒక్కసారన్న నా గురించి అనుకున్నవా?"

"అనుకున్న" అన్నాడు. "ఆయన ఏడ్సిండు చెల్లె. నువ్వు ఏడ్వలే. గట్టిదానివి, ఓర్సుకుంటవ్ అనుకున్న."

వెనక ఏదో చప్పుడైంది. లక్ష్మక్క. రెండు చేతులతో నీళ్ల బకెట్ పట్టుకుని, భీములకు అవతల నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమెకు ఏమీ తెలియదని, ఇప్పుడే తెలిసిందని ఆ ముఖం చూస్తే అర్థమైంది. బకెట్ కింద పెట్టింది. నీళ్లు తొణికి ఆమె పాదాల మీద పడ్డాయి.

"మల్లన్నా, జర రా! భుజం వట్టు!" ఎవరో గుమ్మం దగ్గర్నుంచి కేకేశారు. డప్పులు మొదలయ్యాయి. రాజమల్లు మా ఇద్దరినీ చూసి, వెళ్లి పాడె కిందికి భుజం దూర్చాడు. కాలిన వైపు భుజమే.

లక్ష్మక్క నా దగ్గరికి వచ్చింది. "నేను రోజు గా తలుపు..." అని ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక, తన చీర కొంగే గట్టిగా పట్టుకుంది.

పర్వాలేదక్కా అనాలి. ఆమె ఆ ఒక్క మాట కోసమే నా ముఖంలోకి చూస్తోంది. ఆమె తప్పు కూడా ఏం లేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బయటికి రాలేదు.

పాడె గల్లీ మలుపు తిరిగింది. జనమంతా దాని వెంట వెళ్లిపోయారు. మేమిద్దరం అక్కడే, ఒకరికొకరం ఎదురుగా, చాలాసేపు నిలబడి ఉన్నాం.